ఉరుము రేకు మీద పేరు

ముందు ఉరుము వినిపించేది.

నాటకశాల వెనక, సరుకు లారీలు ఆగే వాకిట్లో ఎండ తెల్లగా పరుచుకుని ఉండేది. ఆకాశంలో మబ్బు తునక కూడా ఉండేది కాదు. గోడల లోపల ఎక్కడో, బరువైనదేదో నిద్రలో ఒత్తిగిలినట్టు చిన్న గురగుర. అది మెట్టు మెట్టూ దిగి నేలలో పాకి, నిలబడ్డవాళ్ల మడమల్లోంచి పైకెక్కి, పక్కటెముకల దగ్గర ఒక్క క్షణం ఆగేది. అప్పుడు విరిగేది. విరిగాక దాని ముక్కలు ఊరి అవతల ఇంకెవరి ఇంటి మీదో రాలుతున్నట్టు దొర్లుకుంటూ పోయేవి.

కొత్తగా చేరిన గేటు మనిషి మొదటిరోజు అది విని, పరుగున వెళ్లి స్కూటర్ని షెడ్డు కిందికి తోసుకొచ్చాడు. తీగ మీద ఆరేసిన తువ్వాలు కూడా లాగి చంకలో పెట్టుకున్నాడు. పాతవాళ్లు కడుపుబ్బ నవ్వారు.

"వాన రాదులే బాబాయ్! ఉరుమక్క పనిలోకొచ్చిందని అర్థం."

ఉరుము తర్వాత మనిషి కనిపించేది. పొట్టిగా, సన్నటి మణికట్లతో, అరచేతుల దగ్గర కుట్లు వేసిన పాత తొడుగులు వేసుకుని ఉండేది. ఇంత చప్పుడు ఈవిడ చేసిందా అని కొత్తవాళ్లు ఆమె వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూసేవాళ్లు. వెనక ఉన్నది రేకు. ఎనిమిదడుగుల ఉక్కు రేకు, దూలానికి రెండు తాళ్లతో వేలాడుతూ, అడుగున ఒక చెక్క పిడితో. వెలుతురు పడితే నల్లటి నీళ్లలా మెరిసేది. గదిలో ఇంకా వాన పీపా ఉండేది. తిప్పితే లోపలి గింజలు తీగల మీదుగా జారి చినుకులయ్యేవి. గాలి చక్రం ఉండేది, నాలుగు రకాల గొళ్లేలతో ఎటూ తెరుచుకోని ఒక చిన్న తలుపు ఉండేది, అడుగుల చప్పుడుకి కంకర తొట్టె ఉండేది. కానీ గదికి యజమాని రేకే. మిగతావన్నీ దాని మాట వినేవి.

ఆ రేకుని తెచ్చినవాడు ఆమె మేనమామ. ఆమెకంటే ముందు అక్కడ శబ్దాలు చేసింది ఆయనే. విప్పేసిన ఒక పాత ఓడ ముక్కలు అమ్మే చోటికి వెళ్లి, అరవై రేకుల్ని వేలి కణుపుతో తట్టి తట్టి, చివరికి ఇంజను గది గోడలోంచి ఊడదీసిన ఈ ఒక్కదాని దగ్గర ఆగాడట. మేనకోడలిని పనిలో పెట్టుకున్నాక మూడేళ్లు వాన మాత్రమే చేయనిచ్చాడు. నాలుగో ఏడు పిడి చేతికిస్తూ అన్నాడు: "ఊపితే చప్పుడొస్తుందే పిల్లా. ఉరుము కావాలంటే ఎక్కడ ఆపాలో తెలియాలి."

ఆ ఆపడం నేర్చుకోవడానికి ఆమెకి పదేళ్లు పట్టింది. ముప్పై నాలుగేళ్లుగా ఆ గదిలోనే ఉంది. కూతురు పుట్టాక పసిదాన్ని చాకలికి పంపే దుస్తుల బుట్టలో పడుకోబెట్టి రేకు కింద ఉంచేది. ఆ పిల్ల ఇంట్లో నిశ్శబ్దంగా ఉంటే నిద్రపోయేది కాదు. ఫెళ్లున ఉరిమితే హాయిగా కళ్లు మూసుకునేది. భర్త, అదే నాటకశాలలో దీపాలు చూసేవాడు, "మన పిల్ల మబ్బుకి పుట్టిందేమోనే" అనేవాడు. ఆయన పోయి తొమ్మిదేళ్లు. దానికి రెండేళ్ల ముందే ఉరుములు, వానలు అన్నీ కంప్యూటర్లోకి వెళ్లిపోయాయి. నాటకంలో ఎవరికీ ఆమె అక్కర్లేకపోయింది. అయినా రోజూ పొద్దున్న ఒక్కసారి ఊపేది.

"ఊపకపోతే మొద్దుబారుతుంది," అనేది. రేకు సంగతే అనుకునేవాళ్లు అందరూ.

పనిలేని మనిషిని పదకొండేళ్లు ఎందుకు ఉంచుకున్నారంటే దానికో లెక్క ఉంది. జాతీయ నాటక సంస్థ అనగానే అన్నీ ప్రభుత్వమే చూసుకుంటుందని బయటివాళ్లు అనుకుంటారు. ప్రభుత్వం ఇచ్చేది కప్పు కారకుండా, దీపాలు ఆరకుండా, జీతాలు ఆగకుండా సరిపోతుంది. నాటకం తిండి నాటకమే వెతుక్కోవాలి. టిక్కెట్లు కొంత. ఖాళీ రోజుల్లో కంపెనీల సమావేశాలకి హాలు అద్దెకిచ్చి కొంత. రాజుగారి గద్దె మీద కూర్చుని మందుల కంపెనీ మేనేజరు దగ్గు సిరప్పు గురించి గంటసేపు మాట్లాడటం ఉరుమక్క కళ్లారా చూసింది. పాత దుస్తులు సినిమావాళ్లకి అద్దెకిచ్చి ఇంకొంత. అప్పటికీ గొయ్యి పూడదు. మిగిలింది దాతలు పూడ్చాలి. వాళ్లకి బదులుగా ఇవ్వడానికి నాటకశాల దగ్గర ఉన్నది ఒక్కటే, పేరు రాయడానికి కాస్త చోటు.

అందుకే ప్రతి కుర్చీ వీపుకీ ఇత్తడి బిళ్ల. మెట్లకి బిళ్లలు, లిఫ్టుకి బిళ్ల, నటీమణుల గదిలో అద్దానికి బిళ్ల. వాటిని బిగించడానికే ఒక వడ్రంగి ఉన్నాడు. అందరూ బిళ్లల మేస్త్రి అంటారు. వంగి వంగి ఆయన నడుము పట్టేసింది.

"ఇంకో రెండేళ్లు పోతే నా నడుముకి కూడా ఒకటి బిగించుకోవాలక్కా," అనేవాడు ఉరుమక్క గదిలో టీ తాగుతూ. "ఈ నొప్పి ఫలానా వారి సౌజన్యంతో, అని."

"నీ నడుమెవరు కొంటారురా! నోరైతే కొంటారేమో, మూయించడానికి."

దాతల కోసం నెలకోసారి మిత్రుల సాయంత్రం పెట్టేవాళ్లు. గాజు గ్లాసులు పట్టుకుని వాళ్లు తెర వెనకంతా తిరిగి, ఆఖరున ఉరుమక్క గదికి వచ్చేవాళ్లు. దీపం ఆర్పి ఆమె వాన కురిపించేది. గాలి లేపేది. తర్వాత రేకు. చీకట్లో ఎవరో ఒకరు "అమ్మో" అనేవాళ్లు, ఆ మీదట అందరూ నవ్వేవాళ్లు. వాళ్లని నడిపించుకొచ్చి పరిచయం చేసేది ఆమె కూతురే. చదువయ్యాక ఆ పిల్ల అదే భవనంలో పై అంతస్తులో, నిధుల విభాగంలో చేరింది. ఒక సీజన్‌కి ఒప్పందం, సీజన్‌లో తెచ్చినదాన్ని బట్టి మరుసటి సీజన్. ఆ విధంగా తల్లి నాటకానికి కాకుండా నాటకం ఖర్చుకి ఉరిమింది, పదకొండేళ్లు. చిన్నబుచ్చుకోలేదు. కాకపోతే చప్పట్లు అయ్యాక దీపం వేసేటప్పుడు ఆమె కళ్లు చిట్లించుకునేది, ఎక్కడికో వెళ్లి తిరిగొచ్చినట్టు.

ఇలా ఉండగా ఒక పొద్దున కొత్త డైరెక్టరు మెట్లు దిగి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మాటలు కొనుక్కోవాలేమో అన్నట్టు ఉంటాడు. వచ్చి నేల మీద కూర్చున్నాడు.

"ఇంకోసారి ఊపుతారా అమ్మా?"

ఊపింది. అతను నేల మీద అరచెయ్యి ఆనించి విన్నాడు.

"స్పీకర్లో ఉరుము చెవిలోకి వస్తుంది," అన్నాడు. "ఇది కుర్చీలోకి వస్తోంది. నాకు ఇదే కావాలి."

"ఎప్పటికి?"

"ఈ సీజన్ మొదటి నాటకానికి. ప్రతి ప్రదర్శనకీ. మీరే, ఇక్కడే."

రేవు దగ్గర ఒక ఇల్లు. అవతలి ఒడ్డునుంచి రావలసిన పడవ కోసం ఎదురుచూసే ఒక తల్లి. నాటకమంతా అంతే. సగం మాటలు తల్లివి, సగం తుఫానువి. ఉరుమక్క ఆ రాతప్రతి ఇంటికి తీసుకెళ్లి ఉరుములు వచ్చే చోటల్లా పెన్సిలుతో గీత పెట్టింది. ఏడొచ్చాయి. ఏడింటికీ పేర్లు పెట్టింది. మొదటిది దగ్గు. రెండోది కుండలు దొర్లినది. మూడోది పొరుగింటిది. నాలుగోది అడిగేది. ఐదోది జవాబు. ఐదో ఉరుము తర్వాత తల్లి ఇక నోరు తెరవదు. ఆ ఒక్కదాని కోసం నెల్లాళ్లు చేతితో సాధన చేసింది. కూరగాయలు తరుగుతూ మణికట్టు ఆపేది, బస్సులో కమ్మీ పట్టుకుని ఆపేది. సంవత్సరం చివర ఆమెకి పదవీ విరమణ. ఆఖరి సీజన్‌లో, పదకొండేళ్ల తర్వాత, ఒక నాటకం ఆమెని మళ్లీ పిలిచింది.

"అమ్మా, నువ్వు కూర తరుగుతున్నావా, యుద్ధం చేస్తున్నావా?" అంది కూతురు ఒకరోజు.

"ఐదోది వస్తోందే. కొంచెంలో జారిపోతోంది."

"జారిపోతున్నది బెండకాయ. కింద చూసుకో."

అప్పుడే ప్రభుత్వం ఆ ఏడాది ఇచ్చేది తగ్గించింది. కారణం కాగితంలో ఒక వాక్యంలో ఉంది. అది ఎవరికీ అర్థం కాలేదు, అందరికీ వర్తించింది. పాలకవర్గం కూర్చుని మొదటి నాటకం మార్చేద్దామంది. ఇద్దరు నటులు, రెండు కుర్చీలు, ఒక దీపం, తుఫాను లేని నాటకమేదైనా వేసుకోమంది. లేదంటే తుఫాను ఖర్చు భరించే దాతని మూడు వారాల్లో చూసుకోమంది. చూసే పని కూతురి మీద పడింది. ఆ పిల్ల పొద్దున్నే ఫోన్ చెవికి పెట్టుకుంటే సాయంత్రానికి చెవి ఎర్రగా కందిపోయేది. ఎవరూ కాదనలేదు. ఎవరూ ఔననలేదు.

రెండో వారం మిత్రుల సాయంత్రంలో, అందరూ వెళ్లిపోయాక ఒక పెద్దాయన గదిలోనే నిలబడిపోయాడు. పైపుల వ్యాపారం చేసి మానేసినాయన. చేతిలో గ్లాసు నిండుగానే ఉంది.

"ఇరవై ఏళ్ల కిందట ఇక్కడే ఒక నాటకం చూశాం అమ్మా, మేమిద్దరం. రెండో వరసలో కూర్చున్నాం. ఉన్నట్టుండి ఉరిమింది. మా ఆవిడ నా చెయ్యి పట్టేసుకుంది." ఆయన తన చేతిని చూసుకున్నాడు. "నలుగురిలో నా చెయ్యి పట్టుకోవడం అదొక్కసారే. సిగ్గరి మనిషి. ఆ ఉరుము... మీరేనా?"

"నేనేనండీ."

"రేకు కూడా ఇదేనా?"

"ఇదేనండీ. దీనికి అక్కచెల్లెళ్లు లేరు."

ఆయన రేకు అంచుని ఒక వేలితో తాకాడు. భార్య పోయి ఆరు నెలలైందని అప్పుడు చెప్పాడు.

నాలుగు రోజుల తర్వాత కూతురు చెప్పులు కూడా విప్పకుండా ఇంట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా! ఒప్పుకున్నాడు! తుఫాను మొత్తం ఆయనదే!"

"నిజంగానా!"

"రెండే షరతులు. ఉరుము రేకుకి వాళ్లావిడ పేరు పెట్టాలి. ప్రతి ప్రదర్శనలోనూ ఆ రేకే ఉరమాలి. ఆయనకి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడొచ్చి చూసుకుంటాడట."

"పెట్టండి, దానికేం. ఆవిడ పేరు పెట్టకపోతే ఇంకెవరిది పెడతాం?"

తల్లీకూతుళ్లు వంటింట్లో ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని గుండ్రంగా తిరిగారు. పేరు ఎక్కడ పెడతారని తల్లి అడగలేదు. దూలం మీదో, గోడ మీదో అని ఆమె మనసులో ఉంది. కూతురూ చెప్పలేదు. అమ్మకి చెప్పకుండా ఆశ్చర్యపరచాలని ఆమె మనసులో ఉంది. ఆ ఇంట్లోకి అంత సంతోషం వచ్చి చాలా కాలమైంది. దాన్ని ప్రశ్నలు వేసి నిలబెట్టాలని ఎవరికి తోస్తుంది?

కళ్ల పరీక్ష కోసం ఉరుమక్క రెండు రోజులు సెలవు పెట్టింది. మూడో రోజు పదకొండింటికి రేకుకి పేరు పెట్టే సభ. వచ్చేసరికి గది నిండా మనుషులు, ఫొటో తీసేవాళ్లు, రేకు మీద ఎర్ర గుడ్డ.

"ఏంటే ఇది, దీనికి ముసుగేశారు?" అని నవ్వింది.

"చూస్తావుగా," అంది కూతురు. ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది.

పెద్దాయన గుడ్డ లాగాడు. రేకుకి నట్టనడుమ, కంటి ఎత్తులో, పుస్తకమంత ఇత్తడి పలక. అక్షరాలు చక్కగా చెక్కారు. నాలుగు మూలలా నాలుగు బోల్టులు, ఇటునుంచి అటుకి.

చప్పట్లు కొట్టారు. ఉరుమక్కకి ఆ చప్పట్లు గోడ అవతల కొడుతున్నట్టు వినిపించాయి. ఆమె పలకని చూడలేదు. బోల్టుల్ని చూసింది. తన వీపులో ఎక్కడో నాలుగు చోట్ల చల్లగా అయింది.

"ఉరుమక్కా, ఒక్కసారి," అన్నారెవరో. ఫొటోలవాళ్లు వంగారు.

పిడి పట్టుకుంది. ముప్పై నాలుగేళ్లు ఎలా పట్టుకుందో అలాగే. ఊపింది, ఆపింది.

మెట్ల మీంచి ఇత్తడి పళ్లెం దొర్లినట్టు గణగణలాడింది. కిందికి దిగలేదు. నేలలో పాకలేదు. రేకు పై సగం ఒకటి చెప్పబోతోంది, కింది సగం ఇంకొకటి చెప్పబోతోంది, మధ్యలో పలక రెండింటి నోరూ నొక్కుతోంది.

పెద్దాయన కళ్లు మూసుకుని విన్నాడు. కనురెప్పల కింద నుంచి నీళ్లు కారాయి.

"అదే," అన్నాడు. "అదే ఉరుము."

ఉరుమక్క కూతురి వైపు చూసింది. ఆ పిల్ల మొహం మీద నవ్వు అలాగే ఉంది, నాటకం అయిపోయినా గోడ మీంచి తీయడం మర్చిపోయిన పోస్టరులా. బుట్టలో పడుకుని ఆ ఉరుము వింటూ పెరిగిన పిల్ల. ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అందరూ వెళ్లాక ఇద్దరే మిగిలారు.

"కుర్చీలకి పెట్టినట్టే పెట్టమన్నానమ్మా," అంది కూతురు నేల చూస్తూ. "ఆవిడ పేరు దగ్గరగా ఉంటే ఆయనకి బాగుంటుందని..."

"నీకు తెలియాలి కదే."

"తెలుసు. నాకు తెలిసి ఉండాల్సింది. దాన్ని ఎప్పుడూ ఒక వస్తువు అనుకోలేదమ్మా. మేకు దిగుతుందని తోచలేదు. ఆకాశానికి ఏం తగిలించినా ఏమవుతుంది అన్నట్టు..."

తల్లికి కోపం రావాలి. వస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది కూడా. రాలేదు. కూతురి చెవి ఇంకా కందిపోయే ఉంది. ఆ చెవి పట్టుకుని మెలిపెట్టడానికి చెయ్యి ఎక్కడ వస్తుంది?

మర్నాడు బిళ్లల మేస్త్రి రెంచి పట్టుకుని దొంగలా వచ్చాడు.

"నన్ను తిట్టక్కా. నాలుగు తిట్టు. ముందు అడగాల్సింది."

"తిడితే చిల్లులు పూడతాయంటే తిడతాను. విప్పు."

విప్పాడు. నాలుగు చిల్లుల్లోంచి వెనక గోడ కనిపించింది. ఆమె ఊపింది. ఈసారి గణగణ లేదు. ఈల. సన్నగా, పంటి సందులోంచి వచ్చినట్టు. దీపం దగ్గరికి తెచ్చి చూస్తే ఒక చిల్లు అంచునుంచి వెంట్రుకంత పగులు కిందికి పాకింది. వేలితో తడిమింది. ఇంకా ఊపితే అది ఇంకా పోతుంది.

"అతుకు వెయ్యిస్తే?" అన్నాడు మేస్త్రి.

"వేడి తగిలితే ఉన్నది కూడా పోతుంది."

"ఇంకో రేకు?"

బజారంతా తిరిగి మూడు కొత్త రేకులు తెచ్చారు. మూడూ ఒకేలా చిన్నపిల్లలు పళ్లేలు కొట్టుకుంటున్నట్టు మోగాయి. ఓడ ముక్కలు అమ్మే చోటికి వెళ్లారు. ఇప్పుడక్కడ వాహనాలు నిలుపుతున్నారు. మేస్త్రి పలకని ఎక్కడున్నది అక్కడే బిగించాడు. బిగిస్తున్నంతసేపూ ఒక్క హాస్యమాడలేదు.

డైరెక్టరు వచ్చి నేల మీద అరచెయ్యి పెట్టి విన్నాడు. రెండుసార్లు విన్నాడు. లేచి చేతి దుమ్ము దులుపుకున్నాడు.

"ఎన్ని రోజులుంది?" అని అడిగింది ఉరుమక్క, తనకి తెలిసినా.

"తొమ్మిది."

"ఐదోది... దూరం నుంచి చేస్తే? మధ్యలో దళసరి తెర వేస్తే?"

అతను రేకు అడుగున ఇంకా ఊగుతున్న పిడిని మెల్లగా చేత్తో ఆపాడు. ఆ మెల్లదనంలో అతని మంచితనం ఉంది. సాయంత్రానికి స్పీకర్లు తెచ్చి రంగస్థలం మూలల్లో పెట్టారు. కంప్యూటర్లో వందల ఉరుములు ఉన్నాయి, ఏ దేశం మబ్బులవో, ఎవరి వానవో. అతను ఏడు ఏరుకున్నాడు. వాటికి పేర్లు లేవు, అంకెలు ఉన్నాయి.

ఇక మిగిలింది పెద్దాయన షరతు. ప్రతి ప్రదర్శనలోనూ ఆ రేకే ఉరమాలి. కూతురు పై అంతస్తు నుంచి రెండుసార్లు దిగి వచ్చింది, రెండుసార్లూ ఏదో అనబోయి వాన పీపా తిప్పి వెళ్లిపోయింది. మూడోసారి వచ్చినప్పుడు తల్లే అంది:

"రేకు వెనక దళసరి కంబళి కడదాం. పలక కింద నమ్దా, అదే ఒత్తు ఉన్ని ముక్క పెడదాం. చప్పుడు రాదు. నేను ఊపుతుంటాను, అది స్పీకర్లో ఉరుముతుంటుంది. ఆయన పక్కనుంచి చూసినా రేకు ఊగడం కనిపిస్తుంది."

"అమ్మా, వద్దు."

"మరి ఏం చేద్దాం, చెప్పు."

కూతురు వాన పీపా మీద చెయ్యి వేసి, తిప్పకుండానే తీసేసింది. నిజం చెబితే పెద్దాయన తన డబ్బుతో తన భార్య ఉరుముని తనే చంపుకున్నట్టవుతుంది. ఆ పైన తుఫాను ఆగిపోతుంది, రేవు దగ్గర తల్లి వేషం వేసే ఆవిడ నెలల కష్టం పోతుంది, కూతురి వచ్చే సీజన్ పోతుంది. ఇంత పోగొట్టుకున్నాక కూడా రేకు మాత్రం తిరిగి రాదు.

అయినా ఉరుమక్క ఒకసారి ప్రయత్నించింది. రిహార్సల్ రోజుల్లో పెద్దాయన మధ్యాహ్నాలు వచ్చి రేకు పక్కన ముక్కాలిపీట మీద కూర్చునేవాడు. జేబురుమాలుతో పలక తుడిచేవాడు. భార్య పేరులో ప్రతి అక్షరం వంపులోకీ గుడ్డ కొస దూర్చి తుడిచేవాడు.

"ఒక మాట చెప్పాలండీ," అంది ఆమె.

"చెప్పమ్మా." ఆయన తిరిగి చూశాడు. "ఇంట్లో ఫొటోతో మాట్లాడుతుంటాను. ఎంతసేపు మాట్లాడినా అటునుంచి ఏమీ ఉండదు. ఇక్కడికొస్తే మాత్రం... ఆ రోజు మీరు ఊపారు చూడండి, మా ఆవిడ జవాబు చెప్పినట్టే అనిపించింది. వెర్రి అనుకోకండి. ఏదో అన్నారు మీరు?"

ఉరుమక్క నోట్లో మాట ఉంది. నాలుక మీద బరువుగా, చల్లగా ఉంది. ఆపడం నేర్చుకోవడానికి ఆమెకి పదేళ్లు పట్టింది కదా. ఆపింది.

"తుడిచేటప్పుడు మెల్లగా తుడవండి," అంది. "రేకు అంచు చెయ్యి కోస్తుంది."

మొదటి ప్రదర్శన నాడు హాలు నిండింది. ఉరుమక్క తొడుగులు వేసుకుని పిడి దగ్గర నిలబడింది. గోడకి ఒక చిన్న పచ్చదీపం పెట్టారు. అది వెలిగినప్పుడు ఊపాలి. మొదటి ఉరుము వచ్చింది. దీపం వెలిగాక ఆమె చెయ్యి లేచేలోపే స్పీకర్లు ఉరిమాయి. తన చేతికంటే ముందు తన ఉరుము వినడం ఆమెకి వింతగా ఉంది, అద్దంలో బొమ్మ ముందుగా నవ్వినట్టు. కంబళి కట్టిన రేకు మెత్తగా ఊగింది. తడిసిన పక్షి రెక్క విదిల్చినంత చప్పుడు కూడా లేదు.

ఐదో ఉరుము. తెరిచి ఉంచిన గది తలుపు అవతల, పక్క తెర అంచు సందులోంచి రెండో వరస కనిపిస్తోంది. పెద్దాయన పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ఆ టిక్కెట్టు కూడా ఆయనే కొన్నాడు. పచ్చదీపం వెలిగింది. స్పీకర్లలోంచి ఉరుము బద్దలైంది. ఆమె ఊపింది, నెల్లాళ్లు బస్సుల్లో, వంటింట్లో సాధన చేసిన చోట సరిగ్గా ఆపింది. అంత సరిగ్గా జీవితంలో ఎప్పుడూ ఆపలేదు. అది ఆమె మణికట్టుకి తెలిసింది, ఇంకెవరికీ తెలియలేదు. రంగస్థలం మీద తల్లి నోరు మూసింది. రెండో వరసలో పెద్దాయన చెయ్యి మెల్లగా పక్క కుర్చీ మీదికి వెళ్లి అక్కడే ఉండిపోయింది.

ఆట అయ్యాక ఆయన తెర వెనక్కి వచ్చాడు.

"మొన్నటి కంటే ఇంకా బాగుందమ్మా," అన్నాడు. "ఎలా చేస్తారో ఏమో."

"అలవాటండీ," అంది.

పత్రికలు తుఫానుని మెచ్చుకున్నాయి. ఒక పత్రికలో ఉరుమక్క ఫొటో కూడా వేశారు, రేకు పక్కన పలక బాగా కనిపించేలా. కూతురికి మరో సీజన్ ఒప్పందం వచ్చింది. ఆ కాగితం ఆ పిల్ల తల్లికి చూపించలేదు. వంటింటి డబ్బా కింద పెట్టింది. పప్పు కోసం డబ్బా ఎత్తినప్పుడు తల్లి చూసింది, మళ్లీ అక్కడే పెట్టింది. మిత్రుల సాయంత్రాలు ఆగలేదు. ఇప్పుడు గదిలో వాన వినిపిస్తారు, గాలి వినిపిస్తారు. రేకు దగ్గర కూతురు పేరు చదివి వినిపించి, "దీన్ని ప్రదర్శనలో వినండి" అంటుంది. ఆ వాక్యం అంటూనే అందరినీ తలుపు వైపు నడిపిస్తుంది. పొద్దున ఊపే అలవాటు ఉరుమక్క మానేసింది. గేటు మనిషి ఒకటి రెండు సార్లు ఆకాశం కేసి చూసి, తర్వాత చూడటం మానేశాడు.

నలభై ఒక్క ప్రదర్శనలు వేయాలి. ఇరవై ఆరో ప్రదర్శన సాయంత్రం, ఈ సంగతులన్నీ రాసుకోవడానికి వచ్చిన మనిషికి ఆమె పీట వేసి, టీ ఇచ్చి, మేనమామ అరవై రేకులు తట్టిన దగ్గర్నుంచి అంతా వరసగా చెప్పింది. ఎవరినీ ఏమీ అనలేదు. చెబుతూనే తొడుగులు వేసుకుంది, పలక మీద పడిన దుమ్ము కొంగు చివరతో తుడిచింది. హాల్లో మనుషులు కూర్చుంటున్న రొద గోడ అవతల నీళ్లలా పెరిగి, మెల్లగా తగ్గింది. పెద్దాయన ఆ రోజూ రెండో వరసలోనే ఉన్నాడు. గోడ మీద పచ్చదీపం వెలగడానికి సిద్ధంగా ఉంది. ఆమె పిడి పట్టుకుని, తల తిప్పకుండానే అంది:

"కంబళి ఆ కొస కాస్త పట్టుకోండి, జారుతోంది. చప్పుడైతే పాపం ఆయన వింటాడు."